ఒకసారి వచ్చిన పాఠకులు మళ్లీ రావాలంటే

మీ ప్రశ్నను నేను ఇలా అర్థం చేసుకున్నాను. కొన్నేళ్లుగా సొంత బ్లాగు రాస్తున్నారు. సెర్చ్ ఇంజన్ల ద్వారా రోజూ కొంతమంది వస్తున్నారు, అప్పుడప్పుడు ఏదో ఒక టపా (బ్లాగులో వేసే రచన) సోషల్ మీడియాలో చేతులు మారి ఒక్కసారిగా వేల మంది చూస్తున్నారు, కానీ వారం తిరిగేసరికి లెక్క మళ్లీ మొదటికే వస్తోంది. నిలబడి చదివే పాఠకులు ఏర్పడాలంటే ఇంకా తరచుగా రాయాలా, ఇంకా గట్టిగా ప్రచారం చేసుకోవాలా అని అడిగారు. ఈ రెండూ మీకు ఇప్పుడు అక్కరలేదని నా అభిప్రాయం. కొత్తవారు మీ దగ్గరికి వస్తూనే ఉన్నారు. వచ్చినవారికి మళ్లీ రావడానికి కారణం కనబడడం లేదు, కారణం కనబడినవారికి కూడా తిరిగి వచ్చే దారి దొరకడం లేదు. ఈ రెండింటినీ సరిచేయకుండా ఇంకో పదివేల మందిని రప్పించినా వాళ్లూ అలాగే వెళ్లిపోతారు. చాలాకాలంగా బ్లాగు రాస్తూ, కొత్తగా రాసేవారికి సాయపడుతూ నేను గమనించినవి కాస్త వివరంగానే చెబుతాను.

ముందు లెక్క చూసుకునే పద్ధతి మారాలి. పేజీ ఎన్నిసార్లు తెరుచుకుందన్న సంఖ్య మీ టపా ఎంత దూరం ప్రయాణించిందో చెబుతుంది తప్ప, ఎవరికి గుర్తుండిపోయిందో చెప్పదు. ఒక టపా చేతులు మారినప్పుడు వచ్చే వేల మందిలో చాలామంది దాన్ని సగం చదివి, పైన ఉన్న మీ పేరైనా చూడకుండా వెళ్లిపోతారు. అది వారి తప్పు కాదు, ఎవరో పంపిన లంకె (లింకు) నొక్కి వచ్చారు, వచ్చిన పని అయిపోయింది. దానికి బదులు, ఒక టపా చదివినవారిలో ఎంతమంది అక్కడి నుంచే రెండో టపా తెరిచారో చూడండి. కొత్త టపా వేసిన మొదటి రెండు రోజుల్లో ఎంతమంది వచ్చారో ప్రతిసారీ రాసి పెట్టుకోండి. ఈ రెండోది నాకు అన్నిటికంటే నమ్మదగిన కొలత. ఒక కొత్త టపాకు సెర్చ్ ఇంజన్ల నుంచి చెప్పుకోదగ్గ సంఖ్యలో మనుషులు రావడానికి సాధారణంగా సమయం పడుతుంది కాబట్టి, ఆ రెండు రోజుల్లో వచ్చేవారు ఎక్కువగా మీ కోసం చూస్తున్నవారే అయి ఉంటారు. ఆ సంఖ్య ఈ ఏడాది ముప్ఫై ఉండి వచ్చే ఏడాది తొంభై అయితే, మొత్తం సందర్శనల గీత కిందికి దిగుతున్నా సరే, మీ బ్లాగు పెరుగుతున్నట్టే. గణాంకాల్లో 'నేరుగా వచ్చినవారు' అని చూపించే వరుసను మాత్రం అమాయకంగా నమ్మవద్దు. మెసేజింగ్ యాప్‌లలో పంచుకున్న లంకెలు, ఈమెయిలు యాప్‌ల నుంచి నొక్కిన లంకెలు కూడా ఎక్కడి నుంచి వచ్చాయో తెలియక చాలాసార్లు ఆ వరుసలోనే చేరిపోతాయి.

వ్యాఖ్యల సంఖ్య చూసి నిరుత్సాహపడడం కూడా మానుకోవాలి. వెబ్ వాడుక తీరును చాలాకాలం అధ్యయనం చేసిన జేకబ్ నీల్సన్ 2006లో ఒక అంచనా సూత్రం చెప్పారు. ఆన్‌లైన్ సమూహాల్లో సుమారు 90 శాతం మంది చదివి ఊరుకుంటారు, 9 శాతం మంది ఎప్పుడైనా ఒక మాట రాస్తారు, మిగిలిన ఒక్క శాతం మందే రాతలో అధిక భాగం రాస్తారు. బ్లాగుల దగ్గర ఈ అంతరం ఇంకా ఎక్కువని కూడా ఆయనే అన్నారు. దీన్ని కచ్చితమైన కొలతగా కాక దిశ చూపే మాటగా తీసుకున్నా, మౌనంగా ఉన్న పాఠకులు లేని పాఠకులు కారని అర్థమవుతుంది. ఏళ్ల తరబడి ఒక్క మాటా రాయకుండా ప్రతి టపా చదివినవారు, వారికి నిజంగా అవసరమైన రోజున ఒకే ఒక పెద్ద ఉత్తరం రాయడం బ్లాగు రాసేవారిలో చాలామందికి అనుభవమే.

ఇక కారణం సంగతి. సెర్చ్ ద్వారా వచ్చినవారు ఒక జవాబు కోసం వస్తారు. సైకిల్ గొలుసు ఎప్పుడు మార్చాలో తెలుసుకోవాలని వచ్చినవారికి మీ టపా ఆ సంగతి స్పష్టంగా చెప్పింది, వారు వెళ్లిపోయారు. ఆ టపా తన పని తాను చక్కగా చేసింది. అయితే అదే జవాబు మరో యాభై చోట్ల కూడా దొరుకుతుంది కాబట్టి, రెండోసారి సందేహం వచ్చినప్పుడు వారు మిమ్మల్ని వెతుక్కోరు, మళ్లీ సెర్చ్‌నే అడుగుతారు. ఇదే టపాలో, గొలుసు సాగిందో లేదో కొలిచే పరికరం చెప్పే మాటను మీరు ఎంతవరకు నమ్ముతారు, ఏ సందర్భంలో నమ్మరు, గొలుసు ఒక్కటే మార్చి పళ్లచక్రాలను అలాగే వదిలేస్తే కొన్ని నెలల తర్వాత ఏమైంది, తిరిగి చేయవలసి వస్తే మీరు ఏ క్రమంలో చేస్తారు అన్న నాలుగు వాక్యాలు ఉన్నాయనుకోండి. అప్పుడు చదివేవారికి జవాబుతో పాటు ఒక మనిషి తీర్పు కనబడుతుంది. ఆ తీర్పు వారికి నచ్చితే, ఈ మనిషి ఇంకా దేని గురించి ఏమనుకుంటున్నాడో చూద్దామన్న కోరిక పుడుతుంది. నిలకడైన పాఠకులందరూ ఈ కోరికతోనే మొదలవుతారు. మీ బ్లాగులో ఎక్కువమంది చదివే పది టపాలు తీసుకుని, ప్రతిదానిలో మీరు తప్ప మరొకరు రాయలేని పేరా ఏది అని వెతికి చూడండి. దొరకకపోతే ఆ పేరా రాసి చేర్చండి. కొత్తగా పది టపాలు రాయడం కంటే దీనివల్ల ఫలితం ఎక్కువ.

వ్యక్తిగతం అంటే సొంత జీవితంలోని విషయాలన్నీ బయట పెట్టడం కాదన్న మాట ఇక్కడే చెప్పాలి. ఇంటి సంగతులు ఒక్కటీ రాయకుండా పూర్తిగా వ్యక్తిగతమైన బ్లాగు రాయవచ్చు. దేన్ని ముఖ్యమనుకున్నారు, దేన్ని వదిలేశారు, ఎక్కడ ఆగి ఆలోచించారు అన్నవే మిమ్మల్ని చూపిస్తాయి. మొదటి బ్లాగులు కూడా ఈ బలంతోనే పాఠకులను సంపాదించాయి. 1997 డిసెంబరులో తన పేజీకి 'వెబ్‌లాగ్' అన్న పేరు పెట్టిన జార్న్ బార్గర్ అక్కడ ప్రధానంగా చేసిన పని, తాను చదివినవాటిలో మంచివాటికి లంకెలు ఇచ్చి పక్కన ఒక మాట రాయడం. ఆ లంకెలు ఎవరైనా వెతుక్కోగలిగినవే, అయినా ఆ ఎంపిక కోసం మనుషులు రోజూ వచ్చేవారు. మీరు కూడా ప్రతిసారీ పెద్ద వ్యాసమే రాయాలన్న నియమం పెట్టుకోకుండా, నెలకోసారి మీరు చదివిన నాలుగైదు మంచి రచనలకు లంకెలు ఇచ్చి, ఒక్కోదాని గురించి అది ఎందుకు చదవదగినదో రెండు మూడు వాక్యాలు నిజాయితీగా రాయండి. ఇటువంటి టపాలకు సెర్చ్ నుంచి దాదాపు ఎవరూ రారు. ఉన్న పాఠకులకు మాత్రం ఇవి చాలా ఇష్టమవుతాయి.

ఒకే విషయానికి కట్టుబడి రాయాలని మీకు చాలామంది సలహా ఇచ్చి ఉంటారు. వ్యాపారం కోసం నడిపే సైటుకు ఆ సలహా సరైనదే కావచ్చు, వ్యక్తిగత బ్లాగుకు మాత్రం దాన్ని అతిగా చెబుతున్నారని నేను అనుకుంటాను. మనిషి ఆసక్తులు మారతాయి. ఒకే గదిలో బంధించుకున్న రచయిత కొన్నాళ్లకు విసుగుతో రాస్తాడు, ఆ విసుగు చదివేవారికి వెంటనే తెలుస్తుంది. విషయాలు మూడు నాలుగు ఉన్నా ఫరవాలేదు, వాటన్నిటినీ మీరు ఒకే రకమైన శ్రద్ధతో చూస్తున్నారన్నది కనబడితే చాలు. కాకపోతే కొత్తగా వచ్చినవారికి ఈ ఇల్లు ఎలాంటిదో ఒక నిమిషంలో అర్థం కావాలి. అందుకు ఒక పరిచయ పేజీ తప్పనిసరి. మీరెవరు, ఏయే విషయాలు రాస్తారు, ఎంత తరచుగా రాస్తారు అని చెప్పి, మొదట చదవదగిన అయిదారు టపాలకు లంకెలు ఇవ్వాలి. ఆ టపాలను ఎంచేటప్పుడు ఎక్కువమంది చూసినవాటిని కాక, చదివినవారు మీకు ఉత్తరం రాసేలా చేసినవాటిని ఎంచండి.

మళ్లీ రావడానికి అన్నిటికంటే బలమైన కారణం, ఇంకా ముగియని పని. ఒక టపాలో విషయం పూర్తయిపోతే పాఠకుడికి ఎదురుచూడడానికి ఏమీ మిగలదు. అలా కాకుండా మీరు నెలల తరబడి వెంటపడుతున్న ఒక ప్రశ్నో, చేస్తున్న ఒక పనో ఉంటే, అది ఎంతవరకు వచ్చిందో తెలుసుకోవాలన్న కుతూహలం సహజంగా పుడుతుంది. ఒక పాత రేడియోను బాగుచేయడం, ఒక కొత్త లిపి నేర్చుకోవడం, ఇంటి పక్కన చెరువుకు వచ్చే పక్షులను ఏడాది పొడవునా గమనించడం, ఒక ప్రోగ్రామును మొదటి నుంచి తిరగరాయడం వంటి ఏ పనైనా కావచ్చు. ఏ దశలో ఏ నిర్ణయం తీసుకున్నారో, ఇంకా తేలనిది ఏమిటో రాసి ఆపండి, తర్వాతి టపా అక్కడి నుంచే మొదలుపెట్టండి. ఇందులో కృత్రిమమైన ఉత్కంఠ అక్కరలేదు, నిజానికి దాన్ని పాఠకులు క్షమించరు. పని నిజంగా సాగుతుంటే చాలు. ఇలాంటి వరుస టపాలకు మరో గుణం కూడా ఉంది. చదివేవారిలో ఆ పని తెలిసినవారు ఉంటారు, మీరు చిక్కుకున్న చోట వారు చేయి అందిస్తారు, అలా సాయం చేసినవారు తర్వాత ఆ పని పూర్తయ్యేదాకా వదిలిపెట్టరు. అంతా తేలిపోయాక రాసిన పరిపూర్ణమైన వ్యాసంలో వారు చేరడానికి చోటే ఉండదు.

ఎంత తరచుగా రాయాలన్న దానికి నా సమాధానం చిన్నది. మీకు జ్వరం వచ్చిన నెలలోనూ, పని ఒత్తిడి ఉన్న నెలలోనూ నిలబెట్టుకోగల వేగం ఏదో అదే మీ వేగం. రోజూ రాసి మూడు నెలల్లో అలసిపోయి మాయమయ్యేవారి కంటే, నెలకు రెండు టపాలతో ఏళ్ల తరబడి నిలిచినవారికే స్థిరమైన పాఠకులు ఉంటారు. సిద్ధంగా ఉన్న టపాలు రెండు మూడు ఎప్పుడూ చేతిలో ఉంచుకోండి. ఆగిపోయి తిరిగి మొదలుపెట్టినప్పుడు ఆలస్యానికి క్షమాపణలతో టపా నింపవద్దు, నేరుగా విషయంలోకి వెళ్లండి.

ఇప్పుడు దారి గురించి. మీ టపా చదివి, ఈ మనిషి రాసేది ఇకపై చదవాలి అని ఒక పాఠకుడు నిజంగా అనుకున్నాడని భావిద్దాం. రేపు ఆ సంగతి అతనికి గుర్తు చేసేది ఎవరు? మీ చిరునామా గుర్తుంచుకుని వారానికోసారి తెరిచి చూసే ఓపిక ఎవరికీ ఉండదు, ఉండాలని ఆశించడం న్యాయమూ కాదు. దీనికి వెబ్‌లో ఉన్న పాత పరిష్కారం ఆరెస్సెస్ ఫీడు. 1999లో నెట్‌స్కేప్ సంస్థలో దీని తొలి రూపం పుట్టింది, 2005లో దీనికి తోడుగా ఆటమ్ అనే మరో ప్రమాణం వచ్చింది. కొత్త టపా పడగానే, పాఠకుడు ఎంచుకున్న బ్లాగుల టపాలను ఒకచోట చూపించే ఫీడు రీడరులో అది తనంతట తాను కనబడుతుంది, మధ్యలో ఏ కంపెనీ అల్గారిథమూ దీన్ని చూపించాలా వద్దా అని నిర్ణయించదు. 2005లో మొదలైన గూగుల్ రీడర్ ఈ పనికి ఎంతోమంది ఆధారపడే సాధనంగా ఎదిగి, 2013 జులై 1న మూతపడింది. అప్పుడు వేరే రీడరుకు మారకుండా ఆ అలవాటే వదిలేసినవారు చాలామంది, వారితో పాటు ఎన్నో బ్లాగులకు ఉన్న నిశ్శబ్ద పాఠకులూ పోయారు. అయినా ఫీడు చచ్చిపోలేదు. పాడ్‌కాస్టులు ఈనాటికీ ప్రధానంగా దాని మీదే నడుస్తున్నాయి, బ్లాగులు నడిపే సేవలైన వర్డ్‌ప్రెస్, బ్లాగర్ రెండూ మీరు అడగకపోయినా ఫీడు తయారుచేసి పెడతాయి. మీరు చేయవలసిందల్లా దానికి లంకె కనబడే చోట పెట్టడం, సెట్టింగుల్లోకి వెళ్లి టపా మొత్తం ఫీడులో వెళ్లేలా మార్చడం. సగం టపా చూపించి, మిగతాది చదవాలంటే సైటుకు రమ్మనే పద్ధతిని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. ఫీడు పెట్టుకుని చదివేంత శ్రద్ధ ఉన్నవారు మీకున్న పాఠకుల్లో అత్యుత్తములు. పేజీ లెక్క ఒకటి పెంచుకోవడానికి వారిని ఇబ్బంది పెట్టడం సరికాదు.

ఫీడు రీడరు వాడేవారు తక్కువమంది, ఈమెయిలు దాదాపు అందరికీ ఉంటుంది. కాబట్టి మీ బ్లాగుకు ఉత్తరాల జాబితా, అంటే కొత్త టపాలను ఈమెయిలులో అందుకోవడానికి పాఠకులు చేరే జాబితా, ఒకటి ఉండి తీరాలి. ఈ విషయంలో మీరు చేసే పనుల ఫలితం ఏళ్ల తరబడి ఉంటుంది కనుక కొంచెం విపులంగా చెబుతాను. జాబితాలో చేరే పెట్టెను టపా చివర పెట్టండి. చదవడం మొదలుపెట్టిన క్షణానే తెర మీదికి దూకి చిరునామా అడిగే పెట్టె, మీరేం రాస్తారో ఇంకా తెలియని మనిషిని మాట ఇవ్వమని అడుగుతుంది. టపా చివరిదాకా వచ్చినవారు అప్పటికే ఒక నిర్ణయానికి వచ్చి ఉంటారు. అక్కడ ఏ వాక్యం ఉందన్నదీ ముఖ్యమే. 'సబ్‌స్క్రైబ్ చేయండి' అనే ఒంటి మాట కంటే, 'నెలకు రెండుసార్లు, ఇలాంటి టపా పూర్తిగా మీ ఈమెయిలుకు వస్తుంది, ఇష్టం లేనప్పుడు ఒక్క నొక్కుతో ఆపేయవచ్చు' అని చెప్పే వాక్యానికి ఎక్కువమంది చేరతారు, చేరినవారు ఎక్కువకాలం ఉంటారు, ఎందుకంటే దేనికి ఒప్పుకుంటున్నారో వారికి తెలుసు. చిరునామా ఇచ్చాక దాన్ని ధ్రువీకరించమని అడిగే ఉత్తరం పంపే పద్ధతినే ఎంచుకోండి. దానివల్ల కొందరు మధ్యలో తగ్గుతారు, కానీ తప్పు చిరునామాలు, ఇతరులు సరదాకి ఇచ్చిన చిరునామాలు జాబితాలో చేరవు.

ఉత్తరాలు స్పామ్ పెట్టెలో పడకుండా చూసుకోవడం కొంత సాంకేతికమైన పని, దాన్ని వాయిదా వేయవద్దు. మీ సొంత డొమైన్ పేరు (మీ పేరున నమోదైన వెబ్ చిరునామా) మీద ఉత్తరాలు పంపుతుంటే, అవి నిజంగా మీవేనని నిరూపించే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు ఏర్పాట్లు డొమైన్ రికార్డుల్లో చేయాలి. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్ సంస్థ జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు మించి ఉత్తరాలు పంపేవారికి ఈ మూడింటినీ తప్పనిసరి చేసింది, వారు పంపే జాబితా ఉత్తరాల నుంచి ఒక్క నొక్కుతో వైదొలగే సౌకర్యం ఉండాలనీ చెప్పింది. చిన్న జాబితాలకు నియమాలు ఇంత కఠినంగా లేకపోయినా మొదటి రెండింటిలో ఒకటైనా ఉండాలి. మూడూ చేసి పెట్టుకుంటే తర్వాత చింత ఉండదు. మీరు వాడే ఈమెయిలు సేవ సహాయ పేజీల్లో ఈ వివరాలు సాధారణంగా ఉంటాయి. ఉత్తరాన్ని ఎంతమంది తెరిచారన్న శాతాన్ని మాత్రం పట్టించుకోవద్దు. 2021లో ఆపిల్ తన మెయిల్ యాప్‌లో తెచ్చిన గోప్యతా రక్షణ వల్ల, మనిషి తెరవకపోయినా తెరిచినట్టు నమోదవుతోంది. ఎంతమంది తిరిగి జవాబు రాశారన్నదే మీకు పనికివచ్చే లెక్క.

జాబితాలో కొత్తగా చేరినవారికి తనంతట తాను వెళ్లే మొదటి ఉత్తరం ఒకటి ఉంటుంది. చాలామంది దాన్ని 'చేరినందుకు ధన్యవాదాలు' అన్న ఒక్క వాక్యంతో వదిలేస్తారు. నా దృష్టిలో మీరు రాసే వాటన్నిటిలోనూ ఎక్కువ శ్రద్ధ పెట్టవలసిన ఉత్తరం అదే, ఎందుకంటే పాఠకుడి ఆసక్తి తాజాగా ఉన్న ఘడియ అది. అందులో మీ పాత టపాల్లో మూడింటిని, ఒక్కోదాని గురించి ఒక వాక్యంతో పరిచయం చేయండి. చివర ఒక్క ప్రశ్న అడగండి: ప్రస్తుతం మీరు దేని గురించి తెలుసుకోవాలనుకుంటున్నారు? ఈ ఉత్తరానికి జవాబిస్తే నేను చదువుతాను అని కూడా రాయండి, రాసినట్టే ప్రతి జవాబునూ చదివి తిరిగి రాయండి. పాఠకులు వందల్లో ఉన్నప్పుడు మాత్రమే చేయగల పని ఇది, కాబట్టి ఇప్పుడే చేయండి. ఆ జవాబుల్లో వచ్చే ప్రశ్నలు మీకు ఏళ్ల తరబడి రాయడానికి సరిపడా విషయాలను ఇస్తాయి. ఒక పాఠకుడి ప్రశ్న నుంచి టపా పుట్టినప్పుడు, వారి అనుమతి అడిగి, పేరు చెప్పాలో వద్దో వారినే నిర్ణయించుకోనిచ్చి, టపా పడిన రోజున వారికి విడిగా ఒక ఉత్తరం పంపండి.

ఫీడయినా ఉత్తరాలయినా, అవి చూపించే చిరునామా మీది కావాలి. ఎంతోమంది తమ పేజీలు, రాతలు పెట్టుకున్న సేవల్లో జియోసిటీస్ 2009 అక్టోబరులో మూతపడింది, పోస్టరస్ 2013 ఏప్రిల్‌లో, గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో మూతపడ్డాయి. వాటి మీద రాసినవారు రాతలను దించుకున్నా, ఇతరులు దాచుకున్న లంకెలు మాత్రం పనికిరాకుండా పోయాయి. సొంత డొమైన్ పేరు ఉంటే వెనుక ఉన్న సేవను ఎన్నిసార్లు మార్చినా పాఠకుడికి తలుపు అదే. టపా చిరునామాలను ఒకసారి పెట్టాక మార్చవద్దు, మార్చక తప్పకపోతే పాతదాని నుంచి కొత్తదానికి శాశ్వతంగా మళ్లించే 301 ఏర్పాటు చేయండి. ఉత్తరాల జాబితాను కూడా మూడు నెలలకోసారి దించి సొంత కంప్యూటరులో భద్రంగా ఉంచుకోండి. అవి ఇతరులు మిమ్మల్ని నమ్మి ఇచ్చిన చిరునామాలు కనుక వాటిని ఎవరికీ అందించకూడదన్నది చెప్పనక్కరలేదు.

పాత టపాలను చాలామంది రచయితలు మరచిపోతారు. పాఠకుడికి మాత్రం పాత, కొత్త అన్న తేడా లేదు, తాను చదవనిదంతా కొత్తదే. ఏడాదికోసారి మీ పాత టపాలన్నీ వరుసగా చదవండి. మాటల్లో ప్రస్తావించిన చోటల్లా తర్వాత రాసిన సంబంధిత టపాకు లంకె ఇవ్వండి. యంత్రం ఎంచి చూపించే 'ఇలాంటి మరికొన్ని టపాలు' అన్న పెట్టె కంటే, వాక్యం మధ్యలో అవసరమైన చోట మీరే ఇచ్చిన లంకెను చదివేవారు ఎక్కువ నమ్ముతారు. కాలం చెల్లిన సమాచారం ఉంటే చప్పుడు చేయకుండా మార్చేయకుండా, ఏ తేదీన ఏమి సరిచేశారో టపా మొదట్లోనే రాయండి. మీ అభిప్రాయమే మారితే, ఎందుకు మారిందో చెబుతూ కొత్త టపా రాసి రెండింటినీ ఒకదానికొకటి కలపండి. ఈ అలవాటు పాఠకుల నమ్మకాన్ని ఎంతగా పెంచుతుందో అనుభవిస్తే గాని తెలియదు. ఇక్కడ ఉన్నది చదివితే ఎప్పటికైనా సరైన మాటే దొరుకుతుందన్న భరోసా వారికి కలుగుతుంది.

సోషల్ మీడియా గురించి ఎక్కువ చెప్పను. కొత్త టపా సంగతి అక్కడ చెప్పండి, కానీ అక్కడి అనుచరుల సంఖ్యను మీ పాఠకుల సంఖ్యగా భావించవద్దు. 2018 జనవరిలో ఫేస్‌బుక్ తన న్యూస్ ఫీడులో కుటుంబ సభ్యుల, మిత్రుల పోస్టులకు ప్రాధాన్యం ఇస్తామని ప్రకటించాక, ఆ ఒక్క దారి మీదే ఆధారపడినవారు తమ అనుచరులకు తామే కనబడకుండా పోయారు. అంతకంటే ఎంతో మేలైన దారి ఇతర బ్లాగు రచయితలు. మీకు నిజంగా నచ్చిన టపాకు మీ బ్లాగులో లంకె ఇచ్చి, దానితో ఎక్కడ ఏకీభవిస్తారో ఎక్కడ విభేదిస్తారో వివరంగా రాసి, ఆ రచయితకు రెండు వాక్యాల ఉత్తరం పంపండి, తిరిగి లంకె ఇవ్వమని అడగకండి. కొన్నాళ్లకు వారి పాఠకుల్లో కొందరు మీ దగ్గరికి వస్తారు. తాము నమ్మే రచయిత చెప్పగా వచ్చినవారు, సెర్చ్ ద్వారా వచ్చినవారి కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా నిలబడతారు.

డబ్బు ప్రస్తావన మీరు తేలేదు, అయినా పాఠకులు పెరిగాక ఆ సందర్భం తప్పక వస్తుంది కనుక ఒక మాట. ఏదైనా వస్తువు గురించి రాయడానికి మీకు డబ్బో, ఆ వస్తువో ముట్టి ఉంటే, ఆ సంగతి టపా మొదటి పేరాలోనే చెప్పండి. చివర చిన్న అక్షరాల్లో చెప్పినది దాచినదానితో సమానంగానే కనబడుతుంది.

ఇవన్నీ అమలులో పెట్టాక, ఏడాది గడిచేసరికి మీకు ఇప్పుడు లేని ఒక కొత్త ఇబ్బంది వస్తుంది, దానికి ముందే సిద్ధపడి ఉండడం మంచిది. పాత పాఠకులకు అన్నీ తెలుసు కదా అని మీరు సంగతులను సగంలో వదిలి రాయడం మొదలుపెడతారు, కొత్తగా వచ్చినవారికి ఏమీ అర్థం కాదు. కొత్తవారి కోసం ప్రతిసారీ మొదటి నుంచి చెబితే పాతవారికి విసుగు పుడుతుంది. దీనికి నేను పాటించే పద్ధతి సులువైనది. వెనుకటి టపాలో జరిగినదాన్ని ఒకే ఒక్క వాక్యంలో, పాతవారు కూడా ఇష్టంగా చదివేలా కొత్త వివరం ఒకటి కలిపి చెప్పి, ఆ వాక్యంలోనే పాత టపాకు లంకె ఇస్తాను. పాత సైకిల్ గొలుసు విషయమే తీసుకుంటే, 'క్రిందటి వేసవిలో మార్చిన గొలుసు, అప్పుడు నేను వద్దనుకున్న ఆ చవక నూనెతోనే ఇంతకాలం నడిచింది' అన్నారనుకోండి, కొత్తవారికి సందర్భం తెలుస్తుంది, పాతవారికి తెలియని సంగతి ఒకటి దొరుకుతుంది. ఆ వాక్యం కుదరడానికి కొన్నిసార్లు మిగతా టపా రాసినంత సేపు పడుతుంది, ఆ సమయం పెట్టండి. మొదటి పనిగా మాత్రం ఈ వారం ఫీడు సెట్టింగు సరిచేసి, టపా చివర ఉత్తరాల పెట్టె పెట్టి, ఎక్కువమంది చదివే ఆ పది టపాలు తీయండి.